బ్యాటరీ అయిపోయిందని చెప్పాడు

హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఒక ఫ్లాట్‌లో శనివారం రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద పాత టవల్ పరుచుకుంటుంది. దాని మీదికి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, దూది పుల్లలు వచ్చి చేరతాయి. పక్కనే స్టీలు గిన్నెలో అగ్గిపెట్టెకు రెండింతలుండే ప్లాస్టిక్ బిళ్లలు. గేమ్‌బాయ్ కార్ట్‌రిడ్జ్‌లు. వాటి యజమానులకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. కొందరికి జుట్టు కూడా పల్చబడింది. చిన్నప్పుడు ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మళ్లీ ఆడాలని వాళ్ల కోరిక.

బాగు చేసే మనిషికి ముప్పై ఆరేళ్లు. పగలు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో కాలక్షేపానికి తన పాత ఆటలను విప్పి చూడటంతో మొదలైంది ఈ వ్యవహారం. ఆ నోటా ఈ నోటా పడి చెన్నై, బెంగళూరు, కొచ్చి నుంచి కూడా పార్సిళ్లు వస్తున్నాయి. సెల్ ఖరీదు, కొరియర్ చార్జీ తప్ప ఏమీ తీసుకోడు. భార్య దీన్ని ధర్మాసుపత్రి అంటుంది.

ఈ కార్ట్‌రిడ్జ్‌లకు వచ్చే జబ్బు చాలావరకు ఒక్కటే. ఆట మొత్తాన్ని, అంటే ఊళ్లను, అడవులను, మాటలను, సంగీతాన్ని ఫ్యాక్టరీలోనే ఒక చిప్‌లో శాశ్వతంగా ముద్రించి పంపారు. అది తొందరగా చెడిపోదు. కానీ ఆడిన మనిషి సాధించినదంతా ఇంకో చిప్‌లోకి వెళ్తుంది. ఎస్‌ర్యామ్ అనే ఆ చిప్‌కు కరెంటు అందుతున్నంతసేపే ఏదైనా గుర్తుంటుంది. గేమ్‌బాయ్ స్విచ్చి ఆపేసినా దానికి ఆ కాస్త కరెంటూ అందాలని లోపల రూపాయి బిళ్లంత లిథియం సెల్ ఒకటి పెట్టి టంకం వేశారు. పదిహేనేళ్లో, ఇరవై ఏళ్లో గడిచాక సెల్ అయిపోతుంది. ఆట ఉంటుంది, ఆడిన గుర్తు పోతుంది.

పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటలది మరీ పాపం. 1999 నవంబర్‌లో జపాన్‌లో, 2000 అక్టోబర్‌లో అమెరికాలో విడుదలైన ఈ రెండింటికీ గడియారం కూడా పెట్టారు. బయట చీకటి పడితే ఆటలోనూ చీకటి పడుతుంది. ఒక గుహలో శుక్రవారం మాత్రమే కనిపించే జంతువు ఉంటుంది. గేమ్‌బాయ్ బీరువాలో పడి ఉన్నా ఆ గడియారం తిరుగుతూనే ఉండాలి కాబట్టి అందులోని సెల్ ముందు తరం ఆటల కంటే త్వరగా చచ్చిపోతుంది.

అసలు ఆటను దాచుకోవడమనేదే ఒకప్పుడు పెద్ద సమస్య. జపాన్‌లో ఈ తరహా ఆటలకు ఊపు తెచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 1986లో వచ్చినప్పుడు అందులో సెల్ లేదు. ఆపేముందు ఆట 20 జపనీస్ అక్షరాలు చూపించేది. వాటిని కాగితం మీద రాసుకుని, మర్నాడు మళ్లీ ఎక్కిస్తే ఆగిన చోటి నుంచి మొదలయ్యేది. దాన్ని పునరుజ్జీవన మంత్రం అన్నారు. మంత్రమన్నాక స్వరం తప్పితే ఫలించదు కదా. ఒక్క అక్షరం తప్పు రాసుకున్న పిల్లలు మొత్తం పోగొట్టుకుని ఏడ్చేవారు. అమెరికాలో 1987లో అమ్మిన లెజెండ్ ఆఫ్ జెల్డా కార్ట్‌రిడ్జ్‌లో, 1988లో వచ్చిన మూడో డ్రాగన్ క్వెస్ట్‌లో సెల్ పెట్టాక ఈ రాతకోతల బెడద తగ్గింది. 1989లో గేమ్‌బాయ్‌ను తీర్చిదిద్దిన గున్‌పెయ్ యొకోయ్‌ది పాతబడి చవకైన టెక్నాలజీతోనే కొత్త పని చేయించాలన్న పట్టుదల. రిస్ట్‌వాచీల్లో వేసే మాదిరి సెల్‌తో జ్ఞాపకాన్ని నిలబెట్టడం కూడా అలాంటి పనే. ఎన్నేళ్లు నిలబడాలన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ రాలేదు. పిల్లల బొమ్మ ఎన్నేళ్లుంటుంది?

కారు రేసులు, కాల్పుల ఆటలు ఆడేవాళ్లకు ఈ బాధ అంతగా అర్థం కాదు. అక్కడ ఓడితే మళ్లీ మొదలు. రోల్ ప్లేయింగ్ ఆటలో అలా కాదు. ఒక పాత్రకు మీ పేరు పెట్టుకుని, ఇంట్లో అమ్మకు చెప్పి, ఊరు దాటి బయల్దేరతారు. కథ అందరికీ ఒకటే. కానీ ఏ జంతువును పెంచారు, దాన్ని గడ్డిలో ఎన్ని గంటలు తిప్పి బలం పోయించారు, సంచిలో ఏం దాచుకున్నారు అన్నవి ఎవరివి వాళ్లవే. బయటి నుంచి చూసేవాళ్లకు అది ఒకే పొదలో పదేపదే తిరగడం. నిజానికి లోపలా అంతే. రోజుల తరబడి ఏకాగ్రతతో చేసిన చాకిరీ అది. పోయినప్పుడు పోయేదీ అదే.

అతను ఒకప్పుడు పోగొట్టింది తనది కాదు. అక్కది.

2000 డిసెంబర్‌లో అమెరికా నుంచి వచ్చిన బాబాయి విజయవాడ సత్యనారాయణపురంలోని ఇంటికి ఒక గేమ్‌బాయ్ కలర్, తళతళలాడే పోకెమాన్ సిల్వర్ కార్ట్‌రిడ్జ్ తెచ్చాడు. కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ ఇంకా రాలేదు. స్కూల్లో ఎవరికీ ఆ పేరే తెలియదు. అక్కకు పదిహేనేళ్లు, పదో తరగతి. తమ్ముడికి పదకొండు. వంతులు పెట్టింది అమ్మే అయినా ఆట మాత్రం అక్కదయింది. ఎందుకంటే ఆ కార్ట్‌రిడ్జ్‌లో ఒకరి ఆటే దాగుతుంది. రెండో మనిషి మొదలుపెట్టి సేవ్ చేస్తే మొదటిది చెరిగిపోతుంది. కాబట్టి అక్క ఆడేది, తమ్ముడు భుజం మీదుగా చూసేవాడు. సిల్వర్‌లో ఆడేది మగపిల్లాడి పాత్రే. అమ్మాయిని ఎంచుకునే వీలు తర్వాత వచ్చిన క్రిస్టల్‌తో కానీ కలగలేదు. ఆ టోపీ పిల్లాడికి అక్క తన పేరే పెట్టింది. అందుకు తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

గేమ్‌బాయ్ కలర్ తెరకు సొంత వెలుగు ఉండదు. కరెంటు పోతే వరండా మెట్ల మీద, సాయంత్రమైతే ట్యూబ్‌లైటు కింద మెడ వంచుకుని కూర్చోవాలి. రెండు పెన్సిల్ సెల్స్ మింగుతుంది. నాన్న నెలకు రెండు జతలకు మించి కొనిచ్చేవాడు కాదు. అయిపోయినవాటిని అక్క డాబా మీద ఎండలో పెట్టేది. ట్రాన్సిస్టర్ల కాలం నాటి చిట్కా అది. విజయవాడ ఎండకు ఇంకో అరగంట ఆట వచ్చేది. తెర మీది ఇంగ్లిష్ అర్థం కాకపోతే శంకరనారాయణ డిక్షనరీ తీసేది. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో దారులు, గుహలు, ఏ జంతువుకు ఏ విద్య వచ్చో నీలం సిరాతో రాసుకునేది. కొన్ని జంతువులు కేబుల్‌తో ఇంకో గేమ్‌బాయ్‌లోకి పంపితే తప్ప రూపం మారవు. అలాంటి రెండో గేమ్‌బాయ్ తమకు తెలిసినవాళ్లెవరి దగ్గరా లేదు. నోట్‌బుక్‌లో వాటి పేర్ల పక్కన ప్రశ్నార్థకాలు అలాగే ఉండిపోయాయి.

2001 జూన్‌లో అక్కను ఇంటర్ కోసం ఊరి బయట హాస్టల్ కాలేజీలో చేర్చారు. అప్పటికి ఆమె ఆటలో 16 బ్యాడ్జీలూ గెలిచింది. ఇక మిగిలింది మౌంట్ సిల్వర్ అనే కొండ. దాని లోపల, గుహల చివర ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ముందు ఆటలోని కథానాయకుడతను. ఎదురుపడితే ఏమీ మాట్లాడడు, పోరుకు దిగుతాడు. అతన్ని ఓడిస్తే ఆట అయిపోయినట్టే. ట్రంకు పెట్టె సర్దుకుంటూ, దసరా సెలవులకు వచ్చేదాకా గేమ్‌బాయ్ ముట్టుకోవద్దని అక్క చెప్పింది. నోట్‌బుక్ చివరి పేజీలో తన ఆరు జంతువుల పేర్లు, అవి ఏ లెవెల్లో ఉన్నాయో రాసి, తేదీ వేసి వెళ్లింది.

తమ్ముడు వారం ఆగాడు. కొత్త ఆట మొదలుపెట్టాడు. ఊరికే ఆడితే ఏమీ కాదు, సేవ్ చేయకపోతే చాలని అతనికి తెలుసు. రెండు రోజులు అలాగే ఆడి, మూడో రోజు ఒక మంచి జంతువు దొరికేసరికి వదులుకోలేకపోయాడు. ఇక్కడ ఇంకొకరి ఆట ఉంది, దాని మీద రాసెయ్యనా అని ఆట అడిగింది. నిర్ధారించుకోకుండా అది ఏదీ చెరపదు. అతను అవునన్నాడు.

అక్టోబర్‌లో అక్క వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే స్విచ్చి వేసింది. తెర మీద తమ్ముడి పేరు, ముప్పై చిల్లర గంటలు. అతను ముందే సిద్ధం చేసుకున్న మాట చెప్పాడు. మధ్యలో లోపలి బ్యాటరీ అయిపోయింది, మొత్తం పోయింది, అందుకే మళ్లీ మొదలెట్టా. అలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుందని వెంట వచ్చిన పుస్తకంలో అక్కే చదివి చెప్పి ఉంది. ఆమె తెర వంక కాసేపు చూసి, ఆపేసి, గేమ్‌బాయ్ అతని చేతికిచ్చింది. సరే అంది. మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

టంకం పట్టడం నేర్చుకున్నాక అతను ఇతరుల కార్ట్‌రిడ్జ్‌లు వందకు పైగా విప్పాడు. మామూలు స్క్రూ డ్రైవర్‌తో ఊడని మరలు అవి. 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. చిన్నప్పుడు అందరూ చేసినట్టు నోటితో ఊదితే తడి తగిలి కాంటాక్టులు తుప్పు పడతాయి. ఆల్కహాల్‌తో తుడవాలి. సెల్ మార్చడానికి ముందు, ప్రాణం ఏ మాత్రం మిగిలి ఉన్నా, యూఎస్‌బీ రీడర్‌లో పెట్టి సేవ్‌ను కంప్యూటర్లోకి దించుకోవాలి. పాత సెల్ ఊడదీయగానే ఎస్‌ర్యామ్ అన్నీ మరిచిపోతుంది కాబట్టి. కొత్త సెల్‌ను ట్యాబులున్నది కొనాలి. సెల్ ఒంటి మీద నేరుగా ఐరన్ పెడితే అది పేలినా పేలొచ్చు. అంతా అయ్యాక దించుకున్నది మళ్లీ ఎక్కించి, స్విచ్చి ఆపేసి, వెళ్లి చాయ్ పెట్టుకుని తాగి వచ్చి, మళ్లీ వేస్తాడు. అప్పటికీ ఆట గుర్తుంటే రోగి బతికినట్టు.

మంచి వార్త చెప్పే అవకాశమూ అప్పుడప్పుడు వస్తుంది. నాన్న కువైట్ నుంచి తెచ్చిన పోకెమాన్ రూబీ పట్టుకుని ఒకాయన వచ్చాడు. స్విచ్చి వేయగానే లోపలి బ్యాటరీ ఎండిపోయిందని తెర చెబుతుంటే భయపడి పదేళ్లు ముట్టుకోలేదట. ఆ తరం ఆటలు సేవ్‌ను ఫ్లాష్ మెమరీలో దాస్తాయి. సెల్ పోతే ఆగేది గడియారం ఒక్కటే. ఆటలో నాటిన పళ్ల మొక్కలు ఎదగవు, అంతే. ఆయన జంతువులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. టేబుల్ దగ్గరే కూర్చుని గంటసేపు ఆడి వెళ్లాడు. మరికొందరికి ఉన్న సంగతి చెప్పాలి. చిన్నప్పుడు కొన్నది నకిలీదని, బోర్డు మీద సెల్ పెట్టే చోటే లేదని, అది ఏనాడూ ఏదీ దాచుకోలేదని. ఈ ఆటలను కంపెనీ 2017లో నింటెండో 3డీఎస్ కోసం డిజిటల్‌గా మళ్లీ అమ్మింది. 2023 మార్చిలో ఆ దుకాణం మూసేయడంతో అదీ పోయింది. చివరికి టంకం వేసిన సెల్లే మేలనిపిస్తుంది.

విజయవాడ ఇల్లు అమ్మేటప్పుడు అమ్మకు నీలం రంగు బిస్కట్ల డబ్బా ఒకటి దొరికింది. లోపల సూదులూ దారాల కింద గేమ్‌బాయ్, సిల్వర్ కార్ట్‌రిడ్జ్, లాంగ్ నోట్‌బుక్. డాలస్‌లో ఉంటున్న అక్క వీడియో కాల్‌లో చూసి, బాగు చేసి పంపించమంది. కూతురికి పదేళ్లొచ్చాయి, ఆడుకుంటుంది. తర్వాత, అంత ముఖ్యం కానట్టు, పాతదేమైనా దొరుకుతుందేమో చూడు అంది.

ఆ మాట అతన్ని పట్టుకుంది. దొరకదని ప్రపంచంలో అతనికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా విప్పాడు. మూడు వోల్టులుండాల్సిన సెల్ మల్టీమీటర్‌లో ఒక వోల్టు కూడా చూపించలేదు. ఎస్‌ర్యామ్ మొత్తం కలిపి 32 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకన్నా బరువుంటుంది. రీడర్ దాన్ని దించింది. అంతా అర్థంలేని అంకెలు. అక్క ఆట లేదు, దాని మీద తను రాసుకున్నదీ లేదు. అతను అవునని నొక్కి ఉండకపోయినా ఈపాటికి మిగిలేది ఇంతే. ఈ ఆలోచన వచ్చినందుకు మొదట కాస్త తేలికపడి, తర్వాత సిగ్గుపడ్డాడు. సెల్ చచ్చింది ఇరవై ఏళ్లకు. అక్క ఆట పోయింది వారానికి.

దాంతోపాటే ఇంకో ఆలోచన వచ్చింది. సేవ్ ఫైళ్లను దిద్దే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. చివరి పేజీ దగ్గరుంది. టైఫ్లోజన్ 64, ఆంఫరోస్ 58, సరస్సు దగ్గర పట్టిన ఎర్ర గ్యారడోస్ 61... ఆరింటి పేర్లు, లెవెళ్లు, నాలుగేసి విద్యలు. అవే ఎక్కిస్తే అక్క ఆట తిరిగొస్తుంది. అదృష్టం, సెల్‌లో కొన ఊపిరి ఉంది, దించగలిగానని చెప్పొచ్చు. అబద్ధం దానంతటదే మాఫీ అయిపోతుంది. ఒక రాత్రి కూర్చుని దాదాపు పూర్తి చేశాడు కూడా.

కానీ సాఫ్ట్‌వేర్ నోట్‌బుక్‌లో లేనివి అడుగుతుంది. ఆట మొదలైనప్పుడు ప్రతి ఆటగాడికీ అయిదంకెల గుర్తింపు సంఖ్య ఒకటి యాదృచ్ఛికంగా పడుతుంది. అక్కది ఏమిటో ఎక్కడా రాసి లేదు. ఏదో ఒకటి వేశాడు. ప్రతి జంతువు పక్కనా అది తన మనిషికి ఎంత మచ్చికైందో 0 నుంచి 255 లోపు ఒక అంకె వేయాలి. అతను ఆరింటికీ 255 వేసి, ఫైలుకు అక్క పేరు పెట్టి, లాప్‌టాప్ మూసేశాడు. నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున ఏడింటికి డాలస్‌కు కాల్ చేశాడు. అక్కడ శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర. కొత్త సెల్ వేశానని చెప్పాడు. పాతది దొరకలేదన్నాడు. తర్వాత, అక్కా, అప్పుడు బ్యాటరీ అయిపోయిందన్నాను చూడు, అని మొదలుపెట్టాడు.

“బ్యాటరీ పోతే నీ ఆట ఎలా సేవ్ అయిందిరా?” అంది అక్క.

పాతికేళ్లలో అతనికి తట్టని ప్రశ్న అది. వందకు పైగా సెల్స్ మార్చాడు, ఎవరెవరికో ఈ లెక్క విడమర్చి చెప్పాడు. సెల్ చస్తే ఎవరి ఆటా నిలవదు. ఆ రోజు తెర మీద ముప్పై చిల్లర గంటలు నిక్షేపంగా ఉన్నాయి. ఆమెకు ఆ నిమిషంలోనే తెలిసింది.

“అప్పుడే ఎందుకు అడగలేదు?”

“అడిగితే అమ్మ దాన్ని అటకెక్కించేది. నీకూ లేకుండా పోయేది. అలా అని కోపం రాలేదనుకోకు. రెండేళ్లు నీతో సరిగ్గా మాట్లాడలేదు. ఎంసెట్ టెన్షన్ అనుకున్నారు మీరంతా.”

ఆమె కాసేపు ఆగింది. హాస్టల్లో పదింటికి లైట్లు ఆపేసేవారని, చీకట్లో కళ్లు మూసుకుని ఆ కొండ ఎక్కుతూ నిద్రపోయేదాన్నని చెప్పింది. ఏ మలుపులో ఏ గుహ వస్తుందో తనకు కంఠతా వచ్చట. దసరాకి వస్తే ఇక పైకి వెళ్లడమే మిగిలిందనుకుందట. అతను సారీ అన్నాడు. ఆమె దానికి ఏమీ అనలేదు.

దాచడానికి ఇక ఏమీ లేదు కాబట్టి లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు సంగతి కూడా చెప్పేశాడు. ఎలా చేశాడో, ఏ అంకెలు వేశాడో అంతా. అక్క ఆసక్తిగా వింది. గ్యారడోస్‌కు మచ్చిక ఎంత వేశావని అడిగింది.

“255.”

“అబద్ధం,” అని నవ్వింది. “ప్రతి పోరులో ముందు దాన్నే తోసేదాన్ని. ఎన్నిసార్లు స్పృహ తప్పిందో దానికి. నేనంటేనే దానికి పడదు.” ఆటలో నిజంగా అంతే. ఓడి పడిపోయిన ప్రతిసారీ ఆ అంకె కాస్త తగ్గుతుంది. ఆ ఫైలు వద్దని చెప్పింది. పాప కొత్తగా మొదలుపెడుతుందంది.

పాప ఫోన్ దగ్గరికి మొహం పెట్టి, ఇప్పుడే చూపించమంది. అతను కార్ట్‌రిడ్జ్ పెట్టి, రెండు పెన్సిల్ సెల్స్ వేసి, స్విచ్చి నొక్కి, తెరను కెమెరా వైపు తిప్పాడు. కొత్త ఆట మొదలెడితే సిల్వర్ పేరు కూడా తర్వాతే అడుగుతుంది. ముందు, ఇప్పుడు టైమెంతయింది అని అడుగుతుంది.

“ఇక్కడిది పెట్టనా, అక్కడిదా?” అన్నాడు.

“ఇక్కడిదే,” అంది అక్క. రాత్రి ఎనిమిదిన్నర అని పెట్టాడు. పేరు పాప చెప్పింది, అతను ఒక్కో అక్షరం నొక్కాడు. అయిదు నిమిషాలు ఆడి, సేవ్ చేసి, స్విచ్చి ఆపేసి, అలవాటు ప్రకారం చాయ్ పెట్టుకోవడానికి లేచాడు. ఫోన్ పెట్టెయ్యకు, ఉందో లేదో చూసి చెప్పు, అంది అక్క.